విహార నౌకాయానం

సరదాకో, క్రీడగానో పడవ నడపడం విహార నౌకాయానం. దీనికి ముందు నీళ్ళుండాలి. కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లాకు కరువు అక్కడే. నంది కొండల చుట్టుపక్కల చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని పుట్టినా, ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. బాగేపల్లి, చింతామణి వైపు చెరువు నీళ్ళు పైరుకూ పశువులకూ చాలితే అదే పదివేలు. బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధిచేసి ఎత్తిపోసే హెబ్బాళ-నాగవార వ్యాలీ పథకంతో కందవార వంటి చెరువులకు నీరు చేరింది. మూడో దశ శుద్ధి కూడా జరగాలని స్థానికులు అడుగుతున్నారు. అది న్యాయమైన కోరిక.

ఖర్చు రెండో అడ్డంకి. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం చవకగా ప్లైవుడ్‌తో చేసిన ‘ఆప్టిమిస్ట్’ పడవ ఆ అడ్డును కొంత తొలగించింది. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ఒకే తెరచాప. ముక్కు మొనదేలకుండా పెట్టెలా చదునుగా ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాసుతో చేస్తున్నారు.

హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చాలాకాలం సైనికాధికారులకూ, కలిగినవాళ్ళకూ మాత్రమే అందాయి. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకూ శిక్షణ ఇస్తోంది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున పోటీపడింది.

సామాన్యులకు అందేది టిక్కెట్టు షికారే. అందులోనూ ప్రమాదం లేకపోలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల పర్యాటక బోటు మునిగి నలభైమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్ల పర్యవేక్షణకు కంట్రోల్ రూములు ఏర్పాటు చేసింది.