కొమ్మను వంచిన తోటమాలి

పెరటిలో గోంగూర వేసిన ఇల్లాలికి ఒక సంగతి బాగా తెలుసు. మొక్క జానెడు ఎదిగిన తరువాత తల త్రుంచి కూరకు వాడుకొంటే, కొలది దినాలలోనే ప్రక్క కణుపుల నుండి రెమ్మలు బయలుదేరి మొక్క గుబురుగా తయారవుతుంది. త్రుంచకుండా వదలివేసిన మొక్క నిట్రాటవలె పైకి పోతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు కూడ ఇది తెలిసినదే. పూమొగ్గ కనిపించగానే వారు మొక్క తల త్రుంచివేస్తారు. ఆకు పెద్దదై బరువెక్కుతుంది. కాని అంతటితో పని తీరదు. ప్రతి ఆకు మొదటి నుండి పిలకలు పుట్టుకొని వస్తవి. వాటిని గిల్లివేయటం రైతుకు మరియొక చాకిరి.

తల ఉన్నంతవరకు ప్రక్క మొగ్గలు ఎందుకు నిద్రపోతవి? తల పోగానే ఎందుకు మేల్కొంటవి? వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఈ లక్షణానికి ‘అగ్రాధిక్యత’ అని పేరు పెట్టి, ఒక్క వాక్యంలో సమాధానం చెప్పి ముందుకు సాగుతవి. ఆ వాక్యం వెనుక మూడున్నర శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. పైగా ఆ వాక్యం సగం మాత్రమే నిజమని ఇరువది యొకటవ శతాబ్దంలో తేలినది. ఈ చరిత్రకు నాంది పలికినది ప్రయోగశాల కాదు, పండ్ల తోట.

తల త్రుంచటం ఒక పద్ధతి. తలను త్రుంచకుండానే కొమ్మను ప్రక్కకు వంచి, గోడకు గాని తడకకు గాని కట్టివేయటం రెండవ పద్ధతి. ఫ్రాన్సు దేశంలో దీనిని ‘ఎస్పాలియే’ అంటారు. భుజం ఆనించుకొనే దన్ను అనే అర్థం గల ఇటాలియను మాట నుండి ఇది వచ్చినది. చెట్టు గోడకు భుజం ఆనించి నిలుచుంటుందన్నమాట. చలి ఎక్కువగా ఉండే దేశంలో పండ్లు పండించవలెనంటే ఎండను ఏ మాత్రం వృథా పోనీయకూడదు. దక్షిణ ముఖంగా ఉన్న గోడ పగలంతా వేడిని పీల్చుకొని రాత్రి మెల్లగా విడిచిపెడుతుంది. ఆ గోడకు అంటిపెట్టుకొని, విసనకఱ్ఱవలె పరచుకొన్న చెట్టుకు ప్రతి ఆకు మీద ఎండ పడుతుంది. ఈ విద్యను గురించి 1652లోనే లజాండ్ర్ అనే గ్రామ పురోహితుని పేర ఫ్రెంచి భాషలో ఒక పుస్తకం వెలువడినది.

ఈ విద్యను పరాకాష్ఠకు తెచ్చినవాడు జాఁ బాప్తిస్త్ ద లా కాంతినీ (1626–1688). ఆయన చదివినది న్యాయశాస్త్రం. మనసు పోయినది చెట్ల మీదికి. పదునాలుగవ లూయీ చక్రవర్తి తన వెర్సాయి ప్రాసాదానికి కావలసిన పండ్లు, కూరగాయలు పండించే భారం ఆయనకు అప్పగించినాడు. ఇచ్చిన నేల మాత్రం దుర్వాసన కొట్టే చిత్తడి మడుగు. దానిని పూడ్చి, మంచి మట్టి తెప్పించి పోసి, ఎత్తైన గోడలు కట్టి 1678–1683 మధ్య సుమారు 9 హెక్టారుల తోట సిద్ధం చేసినారు. ‘రాజుగారి కూరగాయల తోట’ అనే ఆ తోట నేటికీ ఉన్నది. అక్కడి గోడల మీద, తడకల మీద చెట్లను ఇంకను అదే విధంగా వంచి పెంచుతున్నారు.

లా కాంతినీ అనుభవం మీద గ్రహించిన సత్యం సులభమైనది. నిటారుగా, బలంగా ఎదిగే కొమ్మ కఱ్ఱనిస్తుంది. వంచిన కొమ్మ, నిదానంగా ఎదిగే కొమ్మ పండునిస్తుంది. దీనికి ఆయన కాలంవారు చెప్పుకొన్న కారణం రసానికి సంబంధించినది. చెట్టు రసం నిలువు కొమ్మలో వేగంగా పరుగెత్తి ఆకులుగా, కఱ్ఱగా మారుతుందట. వంగిన కొమ్మలో నెమ్మదించి మొగ్గలుగా మారుతుందట. ఈ సమాధానం నిలువలేదు గాని, ఆయన పరిశీలన నిలిచినది. లా కాంతినీ ఊహాగానాల మనిషి కాడు. ఆ కాలంలో ప్రతి తోటమాలీ చంద్రకళలను చూచి కొమ్మలు కత్తిరించేవాడు. ఈయన అనేక సంవత్సరాలు ఓపికగా గమనించి, చంద్రునికీ చెట్టుకూ అటువంటి సంబంధం లేదని నిర్మొగమాటంగా వ్రాసినాడు. ఆయన చనిపోయిన తరువాత 1690లో ప్రకటింపబడిన గ్రంథంలో ఇది ఉన్నది.

రాజుల తోటలో పుట్టిన విద్య రైతుల చేతికి కూడ వచ్చినది. పారిస్‌కు తూర్పున ఉన్న మాంట్రాయి గ్రామంలో జిప్సం సున్నంతో గోడలు కట్టి, గుడ్డపేలికలతో పీచ్ చెట్ల కొమ్మలను ఆ గోడలకు మేకులు కొట్టి పరచేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ గోడల మొత్తం పొడవు సుమారు 600 కిలోమీటర్లు! తరువాత రైలుబండ్లు వచ్చి, వెచ్చని దక్షిణ ఫ్రాన్సు నుండి పండ్లను చవుకగా తెచ్చిపెట్టటంతో మాంట్రాయి గోడల ప్రాభవం తగ్గినది.

గోడలతో, మేకులతో పనిలేకుండ మన దేశంలో పందిరి ఇదే పని చేస్తూ వచ్చినది. హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహి ద్రాక్షను పందిళ్ల మీద ప్రాకించే తోటమాలి, తీగ పందిరిని అందుకోగానే తల గిల్లివేస్తాడు. అప్పుడు ప్రక్క మొగ్గల నుండి వచ్చిన రెమ్మలను తీగెల వెంట అడ్డంగా సాగదీస్తాడు. త్రుంచటం, వంచటం రెండూ ఇక్కడ ఒకే చేతిమీద జరుగుతవి.

కొమ్మ నిటారుగా ఉన్నదో, అడ్డంగా ఉన్నదో చెట్టుకు ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్నను ప్రయోగానికి పెట్టినవాడు తామస్ ఆండ్రూ నైట్ అనే ఆంగ్లేయుడు. ఆయనకు పండ్ల తోటలంటే ప్రాణం. 1811 నుండి 1838 వరకు లండను ఉద్యాన సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1806లో ఆయన తన తోటలోని వాగు నీటితో తిరిగే ఒక చక్రం అమర్చి, దాని అంచున మొలకెత్తే విత్తులను కట్టినాడు. నిలువు చక్రం నిమిషానికి 150 చుట్లకు పైగా తిరుగుతున్నది. కొలది దినాలకు చూస్తే, వేళ్లన్నీ చక్రం వెలుపలివైపుకు, మొలకలన్నీ ఇరుసువైపుకు తిరిగి ఉన్నవి! మొక్కకు ‘క్రింద’ అనేది నేల కాదనీ, తన్ను లాగే బలం ఏ దిక్కున ఉంటే ఆ దిక్కే క్రింద అనీ దీనితో రుజువైనది. గురుత్వాకర్షణ మొక్కకు తెలుస్తుంది. కాని ఆ వార్తను మొక్కలో ఒకచోట నుండి మరొక చోటికి మోసుకొనిపోయేది ఏది?

దీనికి తొలి జాడ చూపినవారు చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్. 1880లో ప్రకటించిన గ్రంథంలో వారు కానరీ గడ్డి మొలకలపై చేసిన ప్రయోగాలను వర్ణించినారు. మొలక వెలుగువైపు వంగుతుంది గదా. కొనకు చిన్న టోపీ తొడిగితే వంగలేదు. కొనను విడిచి క్రింది భాగాన్ని కప్పితే వంగినది. వెలుగును చూచేది కొన. వంగేది దాని క్రింది భాగం. అంటే కొన నుండి ఏదో ప్రభావం క్రిందికి దిగుతున్నదన్నమాట. ఆ ప్రభావం జెలటిను ముక్కగుండా దాటిపోగలదని డెన్మార్కులో బాయ్‌సెన్ యెన్సెన్ 1910 తరువాతి ప్రయోగాలలో చూపినాడు.

హాలండులోని యూట్రెక్ట్ నగరంలో ఫ్రిట్స్ వెంట్ అనే యువకుడు దానిని చేతికి చిక్కించుకొన్నాడు. పగలు నిర్బంధ సైనిక సేవ, రాత్రి తన తండ్రి ప్రయోగశాల. 1926లో అటువంటి ఒక రాత్రి ఆయన ఓట్ మొలకల కొనలు కోసి, అగర్ ముక్కపై కొంతసేపు నిలిపి, ఆ తరువాత ఆ అగర్ ముక్కను కొనలేని మొలకపై ఒక ప్రక్కగా ఉంచినాడు. చీకటిలో మొలక రెండవ ప్రక్కకు వంగినది. కొనలోని పదార్థం అగర్‌లోకి దిగి, అందులో నుండి మొలకలోకి దిగినది! ఎంత పదార్థం ఉంటే అంత వంపు. పెరుగుట అనే అర్థం గల గ్రీకు మాట నుండి ఆ పదార్థానికి ‘ఆక్సిన్’ అని పేరు వచ్చినది. 1934లో యూట్రెక్ట్‌లోనే కోగెల్, ఆయన సహచరులు మానవ మూత్రం నుండి ఇండోల్ ఎసిటిక్ ఆమ్లాన్ని వేరు చేసి, అది ఆక్సిన్‌గా పనిచేస్తుందని చూపినారు. ఇక్కడ ఒక విచిత్రం చెప్పవలె. అంతకు ముందు కోగెల్ బృందం గొప్పగా ప్రకటించిన ‘ఆక్సిన్ ఎ’, ‘ఆక్సిన్ బి’ అనే రెండు పదార్థాలను మరెవ్వరూ తిరిగి సాధించలేకపోయినారు. దాచి ఉంచిన నమూనాలను 1966లో పరీక్షించగా అవి వేరే పదార్థాలని బయటపడినది. మూడు దశాబ్దాలు పాఠ్యగ్రంథాలలో ఉన్న పదార్థాలు లోకంలోనే లేవు.

ఇక గోంగూర ప్రశ్న. అమెరికాలోని కాలిఫోర్నియాలో తీమన్, స్కూగ్ అనే ఇద్దరు 1933–34లో ఒక చిక్కుడు జాతి మొక్క తల కోసినారు. ప్రక్క మొగ్గలు మేల్కొన్నవి. వేరొక మొక్క తల కోసి, కోసిన చోట ఆక్సిన్ పెట్టినారు. మొగ్గలు నిద్ర లేవలేదు. తల చేసే పని అంతా ఆక్సిన్ చేసినది. “కొనలో తయారైన ఆక్సిన్ క్రిందికి దిగి ప్రక్క మొగ్గలను అణచివేస్తుంది” అని పాఠ్యగ్రంథంలో మనం చదివే వాక్యం అక్కడ పుట్టినది.

కాని ఒక చిక్కు మిగిలిపోయినది. కాండంలో దిగే ఆక్సిన్ ప్రక్క మొగ్గల లోపలికి పోవటం లేదు. తలుపు తట్టనివాడు లోపలివానిని ఎట్లా అణచగలడు? మధ్యవర్తులు ఉండవలె. 1958లో విక్సన్, తీమన్ బఠాణీ మొగ్గలపై కైనెటిన్ అనే పదార్థం ఉంచగా, ఆక్సిన్ ఉన్నప్పటికీ అవి మేల్కొన్నవి. 2008లో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా, స్ట్రైగోలాక్టోనులనే హార్మోనులు మొగ్గలను అణచివేస్తవని ప్రకటించినవి. ఆ పేరు మన జొన్న చేలలో వేళ్లను పట్టి పీల్చే స్ట్రైగా కలుపు నుండి వచ్చినది. ఆతిథేయపు వేళ్లు స్రవించే ఈ పదార్థాల వాసన పట్టియే స్ట్రైగా విత్తులు మొలకెత్తుతవి. కలుపును లేపే పదార్థమే సొంత మొగ్గను నిద్రపుచ్చుతున్నది!

2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు గడియారం చేతపట్టి లెక్క చూచినారు. ఆక్సిన్ కాండంలో గంటకు సుమారు ఒక సెంటీమీటరు వంతున నడుస్తుంది. బఠాణీ తల కోసినప్పుడు, చాలా క్రిందనున్న మొగ్గ కూడ ఆక్సిన్ తరిగిన వార్త చేరకముందే పెరగ నారంభించినది. అంతకంటె ఎంతో వేగంగా వచ్చి చేరినది చక్కెర. ఎదిగే కొన చక్కెరను అంతటినీ తానే లాగికొంటుంది. కొన పోగానే ఆ చక్కెర మొగ్గలకు దొరుకుతుంది. తల కోయకుండానే మొక్కకు చక్కెర అందించినా మొగ్గలు మేల్కొన్నవి. తొలుత లేపేది చక్కెర. మేల్కొన్న మొగ్గను ఎంతవరకు ఎదగనీయవలెనో తరువాత నిర్ణయించటంలో ఆక్సిన్‌కు, ఇతర హార్మోనులకు పాత్ర ఉన్నది. ప్రక్క మొగ్గలు ఇంతకాలం పస్తున్నవన్నమాట. పదార్థం పేరు తప్పైనను, మొగ్గ భవితవ్యం తనకు అందే రసాన్ని బట్టి ఉంటుందన్న వెర్సాయి తోటమాలుల ఊహ మరీ దూరపుది కాదు.

అయినను ఇదంతా తల కోసిన మొక్క కథ. వంచిన కొమ్మకు తల ఉండనే ఉన్నది. దానిని గురించి వేరింగ్, నాసర్ అనే శాస్త్రజ్ఞులు పండ్ల చెట్లపై చేసిన పరిశోధనలను 1961లో ప్రకటించినారు. అడ్డంగా కట్టిన కొమ్మలో కొన ఎదుగుదల మందగించినది; పైవైపుకు తిరిగి ఉన్న ప్రక్క మొగ్గలు లేచినవి; క్రిందివైపువి పడుకొనే ఉన్నవి. కొమ్మను విల్లువలె వంచితే అన్నిటికంటె బలంగా లేచేది కొన దగ్గరి మొగ్గ కాదు, వంపు నడినెత్తిన ఉన్న మొగ్గ. దానికంటె పైన ఇంకేమీ లేదు గనుక అక్కడ అదే తల.