తీర్పు వచ్చేసరికి

సికింద్రాబాద్ కుట్ర కేసును 1989 ఫిబ్రవరిలో కోర్టు కొట్టేసింది. ముద్దాయిలందరూ నిర్దోషులేనంది. దీన్ని మనం గెలుపుగానే చెప్పుకుంటాం. కానీ ఆ కేసు పెట్టింది 1974లో. ముద్దాయిల్లో ఒకరైన చెరబండరాజు 1982లోనే మెదడులో కణితితో చనిపోయారు. ఆయనకి ఈ గెలుపు ఎలా అందుతుంది?

నిందితులు నలభై మందికి పైనే. అందులో వరవరరావు, కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, ఎం.టి. ఖాన్ లాంటి విరసం రచయితలున్నారు. ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర చేశారన్నది ఆరోపణ. రచయితల మీద అంత పెద్ద కేసు ఎలా నిలబెడతారు?

దొంగతనం కేసులో ఏదో ఒక వస్తువు పోయుండాలి. హత్య కేసులో ఎవరో చనిపోయుండాలి. కుట్రకి అవేవీ అక్కర్లేదు. పెద్ద నేరం చేద్దామని ఇద్దరు ఒప్పుకుంటే చాలు, ఆ ఒప్పుకోవడమే నేరం. 1913లో బ్రిటిష్ వాళ్ళు ఐపీసీలో కలిపిన మాట ఇది. దానికి సాక్ష్య చట్టం పదో సెక్షన్ తోడు. కుట్ర ఉందని నమ్మడానికి తగిన కారణం కనిపిస్తే, ఆ ఉద్దేశం గురించి ఒకరు అన్నదీ రాసిందీ మిగతా అందరి మీదా సాక్ష్యంగా వాడొచ్చు. అంటే ఒకరు రాసిన కవిత ఇంకొకరి మెడకి చుట్టుకోవచ్చు. ఇక కాగితాలకీ సాక్షులకీ అంతెక్కడ?

ఈ పద్ధతి కొత్తది కాదు. 1929లో మొదలైన మీరట్ కుట్ర కేసులో కార్మిక నాయకులకి పడిన శిక్షల్ని 1933లో అలహాబాద్ హైకోర్టు బాగా తగ్గించింది, కొందరిని వదిలేసింది. అప్పటికే నాలుగేళ్ళు జైల్లో గడిచిపోయాయి.

కోర్టులు న్యాయం చెయ్యలేదని నేననను. సికింద్రాబాద్ కేసులో చివరికి చేశాయి, అది చిన్న విషయం కాదు. కానీ ఉద్యమాన్ని ఆపాలనుకునే ప్రభుత్వానికి శిక్ష పడటం అంత అవసరం కాదు. వాయిదాలు చాలు. పదిహేనేళ్ళ పాటు మనిషి ఏ సభకి వెళ్ళాలన్నా, ఏ ఉద్యోగంలో ఉండాలన్నా ఆ కేసు పక్కనే నడుస్తుంది. ఓడిపోయినా ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. పోయిన ఏళ్ళకి లెక్క చెప్పమని అడిగే సెక్షన్ లేదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి కొత్త చట్టాలొచ్చాయి. కుట్ర ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 61వ సెక్షన్. సాక్ష్య చట్టం పదో సెక్షన్ కొత్త చట్టంలో ఎనిమిది అయింది. అంకెలు మారాయి. లోపలి మాట మాత్రం దాదాపు అదే.