నగరదర్శనమును పంక్తిభోజనమును

పండుగ సెలవులలో బిడ్డలను వెంటబెట్టుకొని పట్టణమునకు పోయి, వింతలు చూచి, అంగళ్ళ యద్దములముందు నిలిచి, హోటలులో భుజించి వచ్చుట నేటి కుటుంబములకు పరిపాటి యైనది. కొందఱు పెద్దలు దీనిని క్రొత్తగా దాపురించిన వ్యసనముగా నెంచి నిందింతురు. మఱికొందఱు నాగరకతకు పరమావధి యిదియే యని మురియుదురు. ఈ రెండును చరిత్ర మెఱుగని తలంపులే యని మా యభిప్రాయము. నగరవిహారము తెలుగువారికి క్రొత్తది కాదు. అయితే ఆ విహారమున నెవ్వరికి చోటు కలదు, ఎవ్వరికి లేదు అను విషయము మాత్రము కాలమును బట్టి మాఱుచు వచ్చినది. నెల్లూరు తీరవాసుల యనుభవమును ఆధారముగా గొని దీనిని కొంత విచారింతము.

క్రీడాభిరామమును చదివినవారికి ఓరుగంటి వీథులు పరిచితములే. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన యా రూపకమున మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దఱు కాకతీయుల రాజధానిని చుట్టివత్తురు. అంగళ్ళను చూతురు; కోడిపందెముల యొద్ద నిలుతురు; ఆటపాటలను గని యానందింతురు. ఒక్క రూక యిచ్చినవానికి ఆ నగరపు పూటకూటి యింట సన్నన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, చక్కెర, నేయి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళతో భోజనము దొరకెడిదట. నేటి ప్రయాణికుడు కోరునది యింతకంటె నేమున్నది? వెల యిచ్చి కూడు కొనుట, ఊరక తిరిగి కన్నులు చల్లబఱచుకొనుట, ఈ రెండును మన పూర్వులెఱిగిన సుఖములే.

అయినను మన తాతలెఱిగిన పూటకూళ్ళ యింటి కొక నియమము కలదు. వచ్చినవాని చేతిలోని రూకను చూచుటకు ముందు వాని కులమును విచారింతురు. ఆకు వేయుట ఆ తరువాతి మాట.

మన తీరవాసులకు చిరకాలము నగరమనిన మదరాసే. ఆ నగరము పుట్టుకలో మన తీరమునకును పాలు కలదనుట చాలమంది యెఱుగరు. 1626లో ఆంగ్లవర్తకులు దుగరాజపట్నమున వర్తకస్థానమును నెలకొల్పి, దానికి కోట గట్టుకొనిరి. వారు దానిని ఆర్మగాన్ అని పిలిచిరి. మన తీరపు అద్దకపు వస్త్రములను కొని ఓడల కెక్కించుటయే వారి యుద్దేశము. అచ్చటి వర్తకము వారికి తృప్తి నీయలేదు. ఆ స్థానమున కధికారిగా నుండిన ఫ్రాన్సిస్ డే దక్షిణమున మఱియొక చోటు వెదకి, 1639లో దామెర్ల నాయకుల వలన మదరాసపట్నమునందు అనుమతి పొందెను. మఱుసటి యేడు వర్తకులు అచ్చటికి తరలిపోయిరి. ఆ నాయకుల తండ్రి చెన్నప్పనాయని పేరనే చెన్నపట్టణ మను పేరు కలిగినది. దుగరాజపట్నము పల్లెగా మిగిలెను, మదరాసు మహానగరమాయెను. మన గుడ్డకై వచ్చినవారు కట్టిన యూరిలో మనమే గాజుపలకల వెనుకనున్న గుడ్డను చూడబోవలసి వచ్చినది.

పోవుటకు త్రోవ యేది? 1806లో మదరాసునుండి ఎన్నూరు వైపు మొదలైన కాలువ క్రమముగా ఉత్తరమునకు పులికాటు సరస్సును దాటి మన తీరము వెంబడి సాగినది. 1876–78 నాటి మహాక్షామమున అడయారు, కూవము నదులను కలుపు భాగమును కరవుపనిగా త్రవ్వించిరి. నాటి గవర్నరు పేర దానికి బకింగుహాము కాలువ యను పేరు వచ్చినది. పెదగంజాము మొదలు మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్ల పొడవున, సరకుతో కొన్ని, జనముతో కొన్ని పడవలు నడచెడివి. గాలి యున్నపుడు తెరచాప, లేనపుడు గట్టుమీద త్రాడు లాగు మనుష్యులు. మన పూర్వుల నగరయాత్రా సుఖమున ఆకలిగొన్నవారి చెమట యింత కలదని మఱవరాదు. 1899లో బెజవాడనుండి మదరాసునకు రైలుమార్గము పూర్తియైన పిదప దినముల ప్రయాణము గంటలలోనికి వచ్చినది. 1960 తరువాతి తుపానులు కాలువను చాలవఱకు పాడుచేసినవి.

నగరము చేరిన నెల్లూరువాడు మొదట నడిగెడిది మ్యూజియము. దీని కథ చెప్పదగినది. 1851లో సెంటు జార్జి కోట కళాశాలయందు, అనగా దొరలకు తెలుగు మొదలగు భాషలు నేర్పిన చోటనే, ఇది పుట్టెను. కొలది యేండ్లలో ఎగ్మూరునకు మాఱెను. మొదటి యధికారి ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు. రాళ్ళను, ఎముకలను చూచుటకు జనము రాదని గ్రహించి యతడు పులిపిల్లను, చిఱుతను తెచ్చి యుంచెను. జనము విరుగబడి వచ్చిరి. జంతువులు పెరిగి పెరిగి వేఱొక తోటకు తరలి, అదియే జంతుప్రదర్శనశాల యైనది. 1985లో వండలూరునకు చేరినది. మ్యూజియమునకు “చచ్చిన కాలేజీ” యనియు, జంతుశాలకు “బ్రతికిన కాలేజీ” యనియు పామరజనులు పేర్లు పెట్టిరి. ఈ పేర్లను విని నవ్వువారు కలరు. మాకు మాత్రము వీనియందు గొప్ప సత్యము తోచుచున్నది. బడిమెట్టు తొక్కనివాడు సయితము తాను చూడబోవుచున్నది కాలేజీ యని యెఱిగి పోయెను.

ఆ కాలేజీలో ప్రవేశమునకు పరీక్ష లేదు; కులవిచారణ లేదు. అమరావతి స్తూపపు చలువరాతి శిల్పములముందు కాపు, కమ్మరి, మాల, బ్రాహ్మణుడు ప్రక్కప్రక్కన నిలువవచ్చును. ఆ శిల్పములలో పెద్దభాగము 1859లో లండనుకు పోయినను, మిగిలినవానినైన చూచి “ఇది మన కృష్ణాతీరమున చెక్కినది” యని బిడ్డకు చెప్పగల తండ్రి ధన్యుడు.

మౌంటురోడ్డు అంగళ్ళ సంగతి వేఱు. 1895లో స్పెన్సరువారు కట్టిన భవనము, 1900లో తెఱచిన మూరుమార్కెట్టు దక్షిణదేశమున పేరుపొందినవి. ఆ రెండు పాతకట్టడములును అగ్నికి ఆహుతియైనవి. మూరుమార్కెట్టున బీదవానికిని కొనదగిన పాతపుస్తకము దొరకెడిది. దొరల యంగళ్ళలో గాజుపలక చూపును రమ్మనును, కాలిని వలదనును. మ్యూజియపు అద్దమును గాజే, అంగడి యద్దమును గాజే. మొదటిదాని వెనుకనున్న వస్తువు అమ్మకమునకు లేదు గనుక అందఱిదియు నైనది. రెండవదాని వెనుకనున్నది వెల కలది గనుక ఒక్కనిది కావలసినదే. అంగడి యద్దమును చూచుట పాపమని మేమనము. వేంకటగిరి చీర జరీయంచుతో అచ్చట వ్రేలాడుచుండగా చూచి సంతోషింపనివాడు ఎవ్వడు? కాని దానిని చూపు తల్లి, మగ్గము గోతిలో కాళ్ళుంచి దానిని నేసిన చేతులను గూర్చి ఒక్కమాట చెప్పినచో ఆ యంగడియు కాలేజీయే యగును.

ఇక భోజనము. పూటకూళ్ళ యిల్లు పోయి హోటలు వచ్చినది. కాని కులవిచారణ వెంటనే పోలేదు. “బ్రాహ్మణులకు మాత్రమే” యను పలకలు మన జనకుల కాలమువఱకు హోటళ్ళలో వ్రేలాడినవి. ఒకే బండిలో భుజము భుజము రాచుకొని వచ్చినవారు దిగగానే రైల్వే ఫలాహారశాలలో వేఱువేఱు గదులకు పోవలసియుండెను. దక్షిణదేశపు రైల్వేలలో ఈ భేదము 1941లో తొలగినది. పెన్నాతీరమున పల్లిపాటిలో 1921 ఏప్రిలు 7న గాంధీమహాత్ముడు ఆశ్రమమును ప్రారంభించిన నాటికి, రూక చేతనుండియు పస్తుండవలసిన ప్రయాణికులు మన జిల్లాలో నెందఱో!

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము, దుకాణములలోను, భోజనశాలలలోను, హోటళ్ళలోను, వినోదస్థలములలోను ప్రవేశమునకు మతము గాని, కులము గాని, లింగము గాని, జన్మస్థలము గాని అడ్డురాగూడదని శాసించినది. శాసనకర్తలు నగరవిహారమునకు వచ్చిన యొక కుటుంబమునే కన్నులయెదుట నుంచుకొని దీనిని వ్రాసిరేమో యనిపించును. అయినను 1957లో మదరాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు పేరుపలకనుండి “బ్రాహ్మణ” శబ్దమును తొలగించుటకు నెలల తరబడి ఆందోళన జరుగవలసి వచ్చెను. పల్లెటూళ్ళ టీ అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి స్వాతంత్ర్యము వచ్చిన పిదపను చాలకాలము నడచినది.

నేడు పరిస్థితి తలక్రిందులైనది. పూర్వము నెల్లూరువారు భోజనమునకై నగరమునకు పోయిరి. ఇప్పుడు నగరములే నెల్లూరు పేరును పలకపై వ్రాసికొని, పచ్చిమామిడి ముక్కలు వేసిన చేపల పులుసును వడ్డించుచున్నవి. మన మలైకాజాను చూడని బంధువు లేడు. పలకలు పోయినవి, తలుపులు తెఱచినవి. సంతోషమే. కాని ఒక్క దృశ్యము తఱచుగా కనబడుచున్నది. కుటుంబమంతయు చల్లని గదిలో కూర్చుండి భుజించుచుండును. బిడ్డ నెత్తుకొని వచ్చిన పనిపిల్ల గోడవార నిలిచియుండును. బండి తోలినవాడు బయట నెండలో నుండును. వారిని లోనికి రావలదన్న శాసనమేదియు లేదు. రమ్మన్న నోరు లేదు, అంతియే.

శాసనము తలుపు తెఱవగలదు. పంక్తిలో చోటు చూపవలసినది మనుష్యుడే. కావున తల్లిదండ్రులకు మా విన్నపము రెండు మాటలు. బిడ్డలను నగరమునకు తప్పక కొనిపొండు. అంగడికంటె ముందు మ్యూజియము చూపుడు. భోజనమునకు కూర్చుండునపుడు వెంటవచ్చిన వారినందఱిని ఒక్క బల్లకు పిలువుడు. బిడ్డ చూచిన పులియు, శిల్పమును కొన్నాళ్ళకు మఱపునకు రావచ్చును. తన ప్రక్కన ఎవ్వరు కూర్చుండి తినిరో అది మాత్రము వాడు మఱవడు.