కోటయ్య కొండకు దారులు

నరసరావుపేటకు 12 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, యల్లమంద, కొండకావూరు గ్రామాల నడుమ లేచి నిలిచిన కొండ కోటప్పకొండ. చుట్టూ చదును నేల కావడం వల్ల 1,500 అడుగుల చిల్లర ఎత్తు ఉన్న ఈ కొండ చాలా దూరానికే కనబడుతుంది. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు తేలతాయని ప్రతీతి. అందుకే ఇది త్రికూటం, దేవుడు త్రికూటేశ్వరుడు. పల్నాడు ఊళ్లలో మాత్రం ఆయన కోటయ్యే.

మూడు శిఖరాలకూ మూడు పేర్లు. పైనున్న రుద్ర శిఖరం మీద పాత కోటయ్య గుడి ఉంది. విష్ణు శిఖరం మీద పాపనాశేశ్వరుడు, పక్కనే నీటి దోనె. ఇప్పుడు జనం వెళ్లే పెద్ద గుడి బ్రహ్మ శిఖరం మీద ఉంది. ఒకే దేవుడికి పాత గుడి, కొత్త గుడి ఎందుకొచ్చాయన్న ప్రశ్నకు స్థలపురాణం చెప్పే జవాబు దారి గురించే.

ఆ కథ ప్రకారం కొండకావూరుకు చెందిన గొల్లభామ ఆనందవల్లి రోజూ రుద్ర శిఖరమెక్కి పూజ చేసేది. కింద ఓగేరు వాగు నీళ్లు కడవకెత్తుకుని ఆ నిటారు కొండ ఎక్కాలి. ఒకనాడు కాకి వాలి కడవ ఒలికించిందని, కొండ మీద కాకులు వాలకూడదని శపించిందట. గర్భవతి అయ్యాక కూడా ఎక్కడం మానలేదు. ఎక్కలేక ఎక్కుతున్న ఆమె అవస్థ చూసి దేవుడు, తానే కిందికి వస్తానన్నాడు. వెనక్కి తిరిగి చూడకూడదన్నది షరతు. వెనక కొండ దద్దరిల్లే అడుగుల చప్పుడుకు భయపడి ఆమె బ్రహ్మ శిఖరం దగ్గర తిరిగి చూసింది. దేవుడు అక్కడే నిలిచిపోయాడు. భక్తులు ముందు కింద ఉన్న గొల్లభామ గుడిలో మొక్కి, తర్వాతే పైకి వెళ్లడం ఆనవాయితీ. దేవుణ్ణి సగం దారి దించిన మనిషికి తొలి మొక్కు దక్కడం న్యాయమే.

చరిత్రకు ఆధారాలు శాసనాల్లో ఉన్నాయి. 12వ శతాబ్దంలో వెలనాటి ప్రభువుల కాలం నుంచే ఈ గుడికి భూదానాలు అందాయి. అట్లూరు నరసరావుపేటగా మారిన తర్వాత, అక్కడి మల్రాజు వంశపు జమీందార్లు గుడికి పోషకులయ్యారు. ఇక్కడి స్వామిని మేధా దక్షిణామూర్తిగా కొలుస్తారు. ఆ రూపం బ్రహ్మచారిది కాబట్టి శివక్షేత్రాల్లో మామూలుగా జరిగే కల్యాణోత్సవం ఇక్కడ లేదు.

మెట్ల దారిలో వినిపించే కేక ‘చేదుకో కోటయ్యా’. చేదడమంటే బావిలోంచి చేంతాడుతో నీళ్లు పైకి లాగడం. ఎక్కేవాడు తన బరువును పైవాడి చేతికి అప్పగించే మాట అది. చేదబావులు పూడిపోతున్నా ఆ క్రియ ఈ కొండ మీద ఇంకా బతికే ఉంది.

మహాశివరాత్రికి కొండ కింది దారులు ప్రభలవి. పురుషోత్తమపట్నం, కావూరు వంటి ఊళ్లు వెదురు గడలతో, రంగుల గుడ్డలతో ఎత్తైన ప్రభలు కడతాయి. కొన్ని 80 అడుగులు దాటతాయి. ఒకప్పుడు ఎద్దులు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. తెర మీద వేలాది విద్యుద్దీపాలు, వెనక జనరేటర్. నిలువు తప్పకుండా నాలుగు వైపులా మోకులు పట్టి నడిచే మనుషుల పనే అసలు పని. ప్రభ వచ్చే దారిలో కరెంటు తీగలు తప్పించాలి. ప్రభ ఎక్కడా కొండ ఎక్కదు, పాదం దగ్గరే నిలుస్తుంది.

ఇదే శివరాత్రి తిరునాళ్లలో 1909లో పోలీసులకూ జనానికీ మధ్య పెద్ద గొడవ జరిగింది. కాల్పులు జరిగాయి, జనం పోలీసు ఠాణాకు నిప్పు పెట్టారు. ఆ కేసులో గాదె చిన్నప్పరెడ్డిని ఉరి తీశారు. కోటప్పకొండ దొమ్మీగా దీన్ని స్వాతంత్ర్యోద్యమ చరిత్రకారులు నమోదు చేశారు. జనం చిన్నప్పరెడ్డి మీద పాటలు కట్టి పాడుకున్నారు.

20వ శతాబ్దం చివర్లో ఘాట్ రోడ్డు వచ్చి ఎక్కడమనే పనినే మార్చేసింది. నరసరావుపేట శాసనసభ్యుడిగా 1983 నుంచి 2004 వరకు ఉన్న కోడెల శివప్రసాదరావు పూనిక దీని వెనక ఉంది. మలుపుల వెంట దేవతా విగ్రహాలు, జింకల పార్కు, కాళింది మడుగు ఏర్పడ్డాయి. మెట్ల మీద చెమటోడ్చిన దారి ఇప్పుడు బస్సులో కొద్ది నిమిషాలు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కొండకు రాకపోకలు జిల్లా కేంద్రం నుంచి సాగుతున్నాయి.

ఘాట్ రోడ్డు బ్రహ్మ శిఖరం దగ్గర ఆగిపోతుంది. పాత కోటయ్య దగ్గరకు ఆనందవల్లి ఎక్కినట్టే కాలినడకన ఎక్కాలి.