గోష్ఠిలో తయారయ్యే గొంతులు

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన జరిగే వేదిక ఏదైనా సరే, ముందు వరుసను వదిలేసి మూడో వరుసను గమనించండి. ముందు వరుసలో విద్వాంసులు, సంగీత కళాశాల అధ్యాపకులు, వాళ్ల పక్కన వయొలిన్లు, మృదంగాలు. మూడో వరుసలో పదిహేను, పదహారేళ్ల పిల్లలు. ఒళ్లో పంచరత్నాల పుస్తకం, తొడ మీద ఆదితాళం వేస్తున్న కుడిచెయ్యి. నాటలో ‘జగదానందకారక’ ధైర్యంగానే పాడేస్తారు. గౌళలో ‘దుడుకుగల’ ఎత్తుకోగానే చాలామంది గొంతు తగ్గిస్తారు. కారణం రిషభం. పుస్తకంలో అది ‘రి’ అన్న ఒక్క అక్షరం. పాటలో మాత్రం షడ్జమానికి బాగా దగ్గరగా జరిగి, చిన్న ఊపుతో నిలబడాల్సిన స్వరం. కాస్త పైకి పోయిందంటే గౌళ కాస్తా మాయామాళవగౌళ ఛాయలోకి వెళ్లిపోతుంది. ఆ స్వరం ఎక్కడుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. ముందు వరుసలోని పది గొంతులు కలిసి దాన్ని పట్టుకున్నప్పుడు వెనకున్న పిల్లలకు వినిపిస్తుంది. వినిపించిన చోటికి వాళ్లు తమ గొంతును తెచ్చుకుంటారు. కొన్నేళ్లు అలా కూర్చున్నాక పుస్తకం మూసేసి పాడతారు.

కర్ణాటక సంగీతమంటే ఒక్కరి కచేరీ అన్న అలవాటు మనకు బలంగా ఉంది. పోస్టరు మీద ఒక్కరి బొమ్మ, మైకు ముందు ఒక్కరు, బిరుదు ఒక్కరికి. గోష్ఠిగానం పండగ రోజు వేడుకగా మిగిలిపోయింది. నేను దీన్ని ఒప్పుకోలేను. వర్ధమాన గాయకులకు శ్రుతి, లయ, ఉచ్చారణ, అన్నిటికంటే ముఖ్యంగా వినికిడి అలవడేది పదిమంది మధ్య పాడినప్పుడే. విశాఖపట్నం, దాని చుట్టుపక్కల నేల చరిత్ర చూస్తే ఈ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

విశాఖకు దగ్గర్లోనే ఉన్న విజయనగరంలో 1919లో విజయరామ గజపతి సంగీత పాఠశాల పెట్టించారు. చూపులేని ఒక కుర్రాడి సంగీతాభిరుచి చూసి, అతని కోసం మొదలుపెట్టిన ఆలోచన ఊరందరి పిల్లలకూ బడిగా మారిందని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విశాఖలో అన్న వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు నేర్చుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయిద్యం విని అధ్యాపకుడిగా తీసుకున్నారు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే ఆ బడికి పెద్ద అయ్యారు.

ఆ బడి తెచ్చిన పెద్ద మార్పు గురించి చెప్పుకున్నది తక్కువ. అంతకు ముందు సంగీతం నేర్చుకోవాలంటే గురువు ఇంట్లో ఉండాలి, ఆయన పనులు చేయాలి, ఆయనకు తీరిక దొరికినప్పుడు పాఠం. ఒక గురువు, ఒకరో ఇద్దరో శిష్యులు. బడి వచ్చాక తరగతి వచ్చింది. ఒక గదిలో పలువురు కూర్చుని సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు కలిసి పాడడం మొదలైంది. గురుకులంలో శిష్యుడు తన తప్పు గురువు చెబితేనే తెలుసుకునేవాడు. తరగతిలో పక్కవాడి గొంతుతో తన గొంతు కలవనప్పుడు గురువు చెప్పకముందే తెలిసిపోతుంది. కులం, ఇంటిపేరు, ఊరు వేరైన పిల్లలు ఒకే తంబురా కింద కూర్చున్నారు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ విజయనగరంలోనే మధూకరం చేసుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సాధన చేసి గాయకుడయ్యారు. పి.సుశీల ఆ కళాశాల విద్యార్థిని. నేదునూరి కృష్ణమూర్తి 1940లో కుర్రవాడిగా అక్కడ చేరారు.

నేదునూరి దగ్గర కాసేపు ఆగాలి. 1991లో సంగీత కళానిధి అయిన ఆయన, చివరి దశ విశాఖపట్నంలోనే గడిపి 2014లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన అన్నమయ్య కీర్తనలెన్నింటికో వరసలు కట్టారు. అవి కచేరీల్లో వినిపిస్తాయి, అపార్ట్‌మెంటు సెల్లారులో శనివారం సాయంత్రం చేరే మహిళా మండలి కూడా వాటిని పాడుతుంది. రాగం చెడకుండా, గమకం తేలిపోకుండా, పదిమంది ఒకేసారి పాడగలిగే వరస కట్టడం తేలికైన పని కాదు. వరస మరీ సంక్లిష్టమైతే బృందం చెదిరిపోతుంది, మరీ తేలికైతే రాగం పలచబడుతుంది. ఈ రెంటికీ మధ్య ఆయన పట్టుకున్న దారి కొత్తగా నేర్చుకునేవాళ్లకు గొప్ప పాఠం.

విశాఖలో సామూహిక గానానికి ఇంకా పాత వేరు ఒకటుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ ఊళ్లో దిగారు. వాళ్ల వెంట పాశ్చాత్య ప్రార్థనా గీతాలూ వచ్చాయి. ఆ శతాబ్దంలోనే, ఒకనాటి గంజాం జిల్లాలో బెంగాలీ మూలాలున్న వైష్ణవ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవుడై, తెలుగు చర్చికి కర్ణాటక రాగాల్లో కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చై ఉంటాయి. ఆదివారం ఉదయం చర్చిలో రేవు కూలీ, స్కూలు టీచరమ్మ, రైల్వే గుమాస్తా పక్కపక్కన నిలబడి ఆ కీర్తన పాడుతున్నప్పుడు, రాగం పేరు తెలియకపోయినా రాగం గొంతుకెక్కుతుంది. మన సంగీత చరిత్రకారులు ఈ సంప్రదాయానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు. భజన గోష్ఠికీ ఈ చర్చి గానానికీ నడుమ గోడ కట్టి చూడడం వల్ల ఇద్దరికీ నష్టమే జరిగింది.

పంచరత్నాల గోష్ఠి అనాదిగా ఉన్నదని చాలామంది అనుకుంటారు. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. తిరువయ్యారులో ఆయన సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మను తెలుగువాళ్లు ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అచ్చు వేయించిన సాహసిగా ఎరుగుదురు. అలాంటి ఆమెకే ఆ సమాధి ముందు పాడే హక్కు లేకపోయింది. మగవారి వర్గాలు రెండు, వాటి తగాదాలు వేరు. ఆమె స్త్రీలను కూడగట్టి వేరే బృందంగా పాడించారు. 1940ల తొలినాళ్లలో వర్గాలన్నీ ఒక్కటయ్యాకే ఆడా మగా కలిసి ఐదు ఘనరాగ కృతులు పాడే పద్ధతి స్థిరపడింది. అంటే గోష్ఠిగానం కొట్లాడి సాధించుకున్న హక్కు. ఇవాళ మూడో వరుసలో కూర్చునే అమ్మాయికి ఆ చోటు నాగరత్నమ్మ సంపాదించి పెట్టింది.

గోష్ఠి తీర్చిన మరో చిక్కు వరాళి. వరాళి రాగం గురువు నేరుగా నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు వస్తుందని పాత నమ్మకం. అందుకే ‘కనకన రుచిరా’ కృతిని పాఠంగా చెప్పడానికి చాలామంది వెనకాడేవారు. బృందంలో కూర్చుని పదేపదే విని పట్టుకుంటే ఆ శంక లేదు. నమ్మకం ఎలాంటిదైనా, ఒక కృతి బతకడానికి గోష్ఠి ఆసరా అయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మగవారి శ్రుతి ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటుంది. ఆడవారిది ఐదు, ఐదున్నర దగ్గర. ఒకే శ్రుతిలో పాడాలంటే ఎవరో ఒకరు ఇబ్బంది పడాలి. ఆడపిల్లలు మంద్రంలో వినిపించకుండా పోవడం, మగపిల్లలు తారస్థాయిలో అరవడం మనం చూస్తూనే ఉన్నాం. పాశ్చాత్యులు ఈ సమస్యను వేరే దారిలో తీర్చుకున్నారు. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని గొంతులను నాలుగుగా విడదీసి, ఒక్కో వర్గానికి ఒక్కో వరస ఇచ్చారు. బీథోవెన్ 1824లో తొమ్మిదో సింఫనీ చివరి భాగంలో గాయక బృందాన్ని నిలబెట్టాక, ఆర్కెస్ట్రాతో పాటు పెద్ద గాయక బృందం పాడే దారి విశాలమైంది. 1957లో మార్గరెట్ హిల్లిస్ చికాగో సింఫనీకి గాయక బృందాన్ని తయారుచేశారు. 1966లో మొదలైన లండన్ సింఫనీ కోరస్‌లో పాడేది పగలు ఉద్యోగాలు చేసుకునే ఔత్సాహికులు. అలాంటి బృందాల్లో చేరే యువ గాయకులకు సంవత్సరం పొడవునా సాధన దొరుకుతుంది, పెద్ద రచనలు లోపలినుంచి తెలుస్తాయి, ఎప్పుడో ఒకనాడు ఒంటరిగా పాడే చిన్న భాగమూ దక్కుతుంది.

ఆ పద్ధతిని మన రాగాలకు తెచ్చినవారిలో ఎం.బి.శ్రీనివాసన్ ముఖ్యులు. 1925లో చిత్తూరులో పుట్టిన ఆయన మలయాళ సినిమా సంగీతంతో పేరు తెచ్చుకున్నా, ప్రాణం పెట్టింది మద్రాస్ యూత్ కోయిర్ మీద. సంగీతం చదవని విద్యార్థులు, ఉద్యోగులతో భారతీయ భాషల పాటలను అనేక స్వరపంక్తుల్లో పాడించారు. 1988లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. రాగంలో హార్మనీ పెడితే రాగం దెబ్బతింటుందన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తోడిలాంటి రాగాల విషయంలో అది నిజమే. ఆ గాంధారం మీద మరో స్వరం పెట్టామంటే రెండూ పోతాయి. మోహన, హంసధ్వని లాంటివి తట్టుకోగలవు. ఏ రాగం దేనికి ఒప్పుకుంటుందో తెలుసుకోవడం కూడా శాస్త్రీయ గాయకుడి చదువులో భాగమే.

విశాఖలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చాక బృందగానానికి స్టూడియో క్రమశిక్షణ తోడైంది. మైకు చుట్టూ నలుగురైదుగురు నిలబడి పాడేటప్పుడు అందరి పొల్లు హల్లులూ ఒకేసారి తెగాలి, ఊపిరి ఒకేచోట తీయాలి, ఒక్కరి ‘స’కారం ఈలలా పలికినా రికార్డింగు మళ్లీ మొదటికొస్తుంది. కచేరీలో చెల్లిపోయే లోపాలు అక్కడ చెల్లవు.

సంఖ్య పెద్దదైతే శిక్షణ పెద్దదవుతుందా? 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్రవారి అన్నమయ్య లక్షగళార్చనలో సుమారు లక్షా అరవై వేల మంది కలిసి పాడారు, గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఊరూరా ముందుగా ఆ కీర్తనలు నేర్చుకున్నవాళ్లలో అంతకు ముందు ఎన్నడూ గొంతెత్తి పాడనివాళ్లు ఎంతోమంది. సంగీతం జనంలోకి వెళ్లడానికి అది గొప్ప పని. గాయకుణ్ని తయారుచేయడానికి మాత్రం లక్షమంది అక్కర్లేదు. నలభైమంది చాలు. నలభైమందిలో ఎవరి గాంధారం ఎక్కడ జారిందో గురువు చెవికి తెలుస్తుంది. మూడు వందల మందిలో తెలియదు. అక్కడ రానివాడు వచ్చినవాడి వెనక దాక్కుంటాడు.

విశాఖకు అలాంటి శాశ్వత బృందం ఒకటి కావాలి. 1933లో ఓడరేవు తెరిచిననాటి నుంచీ, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక మరింతగా, ఇది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు. ఉక్కునగరంలో, పోర్టు క్వార్టర్లలో, నేవీ కాలనీల్లో తెలుగు, ఒడియా, బెంగాలీ, తమిళ, మలయాళ కుటుంబాలు పక్కపక్కన ఉంటాయి. ఇన్ని సంప్రదాయాల గొంతులు ఒక్కచోట దొరికే ఊళ్లు మనకు ఎక్కువ లేవు. పిల్లల్లో సంగీతం నేర్చుకునేవాళ్లకూ కొదవలేదు. లోపం ఎక్కడంటే, పదో తరగతి వరకు వర్ణాలు, కృతులు పాడిన పిల్లలు ఇంటర్‌లో చేరగానే ఆపేస్తారు. మళ్లీ ఉద్యోగం వచ్చాక పాడాలనిపిస్తే వెళ్లడానికి చోటుండదు. కచేరీ స్థాయి లేదు, పిల్లల తరగతిలో కూర్చోలేరు. బృందం ఉంటే ఆ నడిమి వయసువాళ్లు అక్కడ నిలబడతారు, వాళ్ల పక్కన వర్ధమాన గాయకులు నిలబడతారు, ఇద్దరూ ఒకరినొకరు లాక్కొస్తారు.

దీనికి కావాల్సింది వారానికి రెండు సాయంత్రాలు ఒక హాలు, ఒక తంబురా, పాడడంతో పాటు వినడం తెలిసిన ఒక గురువు. స్టీల్ ప్లాంటులో ఏ, బీ, సీ షిఫ్టులవాళ్లు ఉంటారు కాబట్టి సాధన వేళలు రెండు పెట్టాలి. ఏడాదికి నాలుగు కార్యక్రమాలు చాలు. ప్రతి కార్యక్రమంలో బృందంలోని ఒక యువ గాయకుడికో గాయనికో పల్లవి ముందు రాగం ఒంటరిగా ఆలపించే అవకాశం ఇవ్వాలి; మిగతావాళ్లు ఆ రాగాన్ని అందుకుని కృతి పాడాలి. అన్నమయ్య, త్యాగరాజుల పక్కన పురుషోత్తమ చౌదరి కీర్తన ఉండాలి, ఉత్తరాంధ్ర జానపదం ఉండాలి.

విశాఖలో సభలు నడిపే పెద్దలకు, కళాభారతి లాంటి వేదికలు చూసుకునేవారికి, కాలనీ సంఘాలకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది పైఊరి విద్వాంసుల కచేరీ ఒకటి తగ్గించండి. ఆ డబ్బు బృందాన్ని నడిపే గురువుకు ఇవ్వండి. ఇంట్లో పాడే పిల్లలున్న తల్లిదండ్రులు ఇంటర్ రెండేళ్లూ వారానికి ఒక్క సాయంత్రమైనా వాళ్లను బృందానికి పంపండి.