విల్లమ్ముల వేట – శాసన నియమము

ఆదిమాయుధములతో సాగు వేటను చట్టముచే నియమింపవలయునా యను ప్రశ్న క్రొత్తదిగా దోచును. కాని వేటకు మేర నేర్పఱచిన రాజశాసనములు తెలుగునేలపై క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దినుండియు గలవు.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కడ బండలపై చెక్కబడిన అశోకుని ధర్మలిపులే యిందులకు సాక్ష్యము. రాజు తన వంటశాలకై జరుగుచుండిన ప్రాణివధను దినమునకు రెండు నెమళ్లకు, ఒక లేడికి తగ్గించెననియు, ఆ లేడియు నిత్యము కాదనియు మొదటి శాసనము చెప్పుచున్నది. పూర్వరాజుల వేటవిహారములకు మాఱుగా ధర్మయాత్రలు ప్రవేశపెట్టబడినట్లు ఎనిమిదవ శాసనమువలన తెలియుచున్నది. పదుమూడవ దానిలో అడవిజనులకు హెచ్చరికయు లేకపోలేదు. అయినను వేట విషయమున ఆ శాసనములందలి నియమము మొదట రాజునే కట్టివేసినది.

ఆధునిక కాలమున ఈ క్రమము తాఱుమాఱైనది. 1879లో మద్రాసు ప్రభుత్వము నీలగిరులలో వేటజంతువులను, చేపలను సంరక్షించుటకై చట్టము చేసెను. వినోదార్థము వేటాడువారికి జంతుసంపద తఱుగకుండుటయే యిట్టి చట్టముల ముఖ్యాశయము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సంరక్షణనే పరమార్థముగా గ్రహించినది. అయినను దాని మొదటి రూపమున లైసెన్సుతో వేట సాగుటకు అవకాశముండెను. పెద్దజంతువులను సాధారణముగ రైఫిలుతోనే వేటాడవలెనను నిబంధన యుండెను. వలలు, గోతులు, ఉచ్చులు, విషాయుధములు నిషిద్ధములయ్యెను. అనగా రైఫిలు ధర్మ్యమును, విల్లు అధర్మ్యమును అయినవి.

ఈ భేదమునకు హేతువు లేదనరాదు. తగిలియు చంపని బాణము జంతువును దీర్ఘవేదనకు గుఱిచేయును. ఉచ్చునకు చూలు జింకయు, మగ జింకయు నొక్కటియే. ప్రాచీనమైనంత మాత్రమున ఆయుధము నిర్దోషము కాజాలదు. కాని అడవిని క్షీణింపజేసినది విల్లేయని నిర్ణయించుటకును ఆధారము చాలదు. 1940లో అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించిన ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, 1943 నాటి తన గ్రంథమున, వారి యాహారములో గడ్డలు, పండ్లు ప్రధానములనియు, వేటమాంసము స్వల్పమనియు చూపెను.

1991 సవరణతో వేట లైసెన్సులు తొలగిపోగా రైఫిలును విల్లును సమానములైనవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిజనుల సంప్రదాయహక్కులను గుర్తించియు, వేటను, ఉచ్చులతో పట్టుటను వానినుండి మినహాయించెను. 1972 చట్టమే నికోబారు దీవుల గిరిజనుల వేటహక్కులను అట్లే నిలిపినది. కనుక నిషేధము తప్ప వేఱు మార్గము చట్టమునకు తెలియదనుట సరికాదు.

నియమము కావలయును, అందు సందేహము లేదు. పులులకు ఆశ్రయమైన నల్లమలలో నిషేధము యుక్తమే. కాని నియమమునకు కొలత ఆయుధముయొక్క వయస్సు కారాదు. ఏ జంతువు, ఏ ఋతువు, ఏ యవసరము, ఎట్టి వధ యనునవి కొలతలు కావలయును. ఒకని పళ్లెమునుండి మాంసమును తొలగించు చట్టము, దానికి బదులు ఆహారమును చూపనంతవఱకు సగము చట్టమే యగును. ఎఱ్ఱగుడి బండపై రాజు తగ్గించినది తన భోజనమును. తక్కిన శాసనకర్తలు తగ్గించినది పెక్కుసారులు పరుల భోజనమును. ఈ రెంటి నడుమ గల యంతరమును గుర్తించినగాని వేటను గూర్చిన మన ధర్మవిచారము పూర్ణము కానేరదు.