తాకట్టు పెట్టిన యిల్లు – 1938 నాటి చట్టము

మా తాతగారి రేకుపెట్టెలో నాకు రెండు కాగితములు దొరకినవి. ఒకటి 1929 సంవత్సరమున, కనిగిరి చెంతనున్న మా గ్రామములోని మట్టిమిద్దెను తాకట్టు పెట్టి నాలుగువందల రూపాయలు తీసికొన్న దస్తావేజు. రెండవది 1938 నాటి కోర్టు ఉత్తరువు నకలు. ఈ రెంటి నడుమ జరిగినది మా యింటి కథ మాత్రమే అయినచో మీ యెదుట చెప్పియుండను. అది ఆనాటి మెట్టసీమ రైతులందరి కథ.

కనిగిరి తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. ఇప్పటి ప్రకాశము జిల్లా 1970లో గాని యేర్పడలేదు. వానపై ఆధారపడిన నేల. సజ్జ, జొన్న, వరిగ పండిన యేట తిండి, ఎండిన యేట అప్పు. 1929 తరువాత లోకమంతట ధరలు పడిపోయెను. గింజల ధర సగమునకు దిగినను నోటులోని అంకె దిగదు గదా! మా తాతగారు నూటికి నెలకు రూపాయి వడ్డికి తెచ్చిన నాలుగువందలు, 1932 వేసవిలో కాగితము తిరుగవ్రాసినప్పుడు అయిదువందల నలువదినాలుగాయెను. 1935లో మరల వ్రాసినప్పుడు ఏడువందల నలువదికి చేరెను. వడ్డి అసలులో కలియుట, ఆ అసలునకు మరల వడ్డి పుట్టుట. చక్రవడ్డి యన నిదియే.

మన ధర్మశాస్త్రములు ఈ సంగతి నెరుగనివి కావు. ఒక్కసారిగా తీర్చు అప్పులో వడ్డితో కూడిన మొత్తము అసలునకు రెట్టింపు దాటరాదని మనువు కట్టడి చేసెను. అయితే యాజ్ఞవల్క్యుడు, రెట్టింపైన పిదప కూడ విడిపింపని తాకట్టు యజమానికి దక్కదనియు చెప్పెను. ఫలము ననుభవించుటకై యిచ్చిన తాకట్టు మాత్రము పోదు. పూర్వులు ఋణదాతను మరచిపోయి ఋణగ్రస్తుని మాత్రమే కాపాడిరని కొందరు పెద్దలనుట నేను వినియున్నాను, అది సరికాదు.

ఆంగ్లేయుల కోర్టులు వచ్చిన పిమ్మట ఈ రెట్టింపు నియమము బొంబాయి రాజధానిలో నిలిచెను గాని మన మద్రాసు వైపున నిలువలేదు. ముద్దతు క్రయమని మనవారనెడి పత్రములలో, గడువు దాటినచో ఆస్తి పోయినట్లేయని 1870లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము వచ్చి, గడువు దాటినను సొమ్ము చెల్లించి విడిపించుకొను హక్కును స్థిరపరచెను. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు, వ్యవసాయకుడు కాపురముండు యింటిని సామాన్య డిక్రీలో జప్తు చేయరాదనెను. కాని తన చేతితో తాకట్టు పెట్టిన యింటికి ఆ కవచము లేదు. ఈ చిన్న మెలిక తెలియకనే మన పల్లెలలో ఎందరో, నా యిల్లు నెవ్వరు ముట్టలేరను ధీమాతో నుండిరి. మా తాతగారును అట్లే యుండిరి.

మద్రాసు రాజధానిలోని గ్రామఋణము ఇన్నూరు కోట్ల రూపాయలని 1935లో సత్యనాథను గారి నివేదిక లెక్కకట్టెను. ప్రభుత్వము 1936లో రాజీ బోర్డులకు చట్టము చేసెను. అవి ఉభయులు నొప్పుకొన్ననే ఫలించునవి. డిక్రీ చేతనున్న షావుకారు ఏల యొప్పుకొనును? 1929లో వెలసిన కేంద్ర సహకార భూమి తనఖా బ్యాంకు పాతబాకీలు తీర్చుటకు దీర్ఘకాలపు అప్పు లిచ్చెను. మంచి మార్గమే. కాని భూమి హామీ చాలని చిన్నరైతునకు అది అందని మ్రాని పండు.

1937 జూలైలో రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రిగా కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. ఒంగోలు చెంత వినోదరాయునిపాలెమున జన్మించిన ప్రకాశము పంతులుగారు అందు రెవెన్యూమంత్రి. ఆ మంత్రివర్గము చేసిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము 1938 మార్చి 22వ తేదీని అమలునకు వచ్చెను. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులలో, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డి యంతయు కొట్టివేయబడెను. కాగితము ఎన్నిమారులు తిరుగవ్రాసినను మొదటి అసలే అసలు. అసలునకు రెట్టింపు అదివరకే ముట్టియున్నచో అప్పు చెల్లిపోయినట్లే. మనువు మాట దొరల కోర్టులో మరల వినబడెనని మా గురువుగారు చమత్కరించెడివారు. 1932 తరువాతి అప్పులకు నూటికి సాలుకు అయిదు రూపాయల వడ్డియే. వేరు ఆస్తి లేని స్త్రీకి రావలసిన చిన్న బాకీలను ఈ తగ్గింపునుండి తప్పించిరి. ఆ వివేకమును మెచ్చవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. 1937 అక్టోబరు 1 మొదలు డిక్రీ అమలులో జరిగిన వేలములను సైతము రద్దు చేయుమని, చట్టము వచ్చిన తొంబది దినములలో అడుగవచ్చును. మా యిల్లు 1937 డిసెంబరులో వేలమైనది. వీధిలో తప్పెట కొట్టి పాట పెట్టిన సంగతి మా నాయనమ్మ చెప్పునప్పుడు ఆమె గొంతు తగ్గిపోయెడిది. తాతగారు వకీలును పట్టుకొని గడువులోపల దరఖాస్తు వేసిరి. తొమ్మిదివందలు దాటిన డిక్రీ మరల నాలుగువందలకు, కోర్టు ఖర్చులకు దిగెను. ఎద్దులజతను, నాయనమ్మ కడియములను అమ్మి ఆ సొమ్ము కట్టిరి. ఇల్లు నిలిచెను. మరుసటి యేడు దున్నుటకు ఎద్దులు లేవు.

మా ప్రక్కయింటివారిది అదే అప్పు, అదే వడ్డి. వారి యిల్లు వేలమైనది 1937 సెప్టెంబరులో. చట్టపు తేదీ వారిని దాటిపోయెను. వారు బండి కట్టుకొని కృష్ణాడెల్టా వైపు కూలికి పోయిరి, మరల రాలేదు. నా చిన్నతనమున ఆ మొండిగోడల నడుమ మేము గోలీలాడెడివారము.

అదే కాలమున అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రము 1933లో ఇంకొక త్రోవ త్రొక్కెను. కోర్టు గడువు పొడిగించును. అంతవరకు ఇంటివాడు న్యాయమైన అద్దె వంటి సొమ్ము చెల్లించుచుండవలెను. 1934లో వారి సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. అదే 1933లో ఆ దేశపు కేంద్రప్రభుత్వము ఒక సంస్థను పెట్టి, సుమారు పదిలక్షల యిండ్ల తనఖాలను తాను తీసికొని, అయిదు వడ్డికి పదునైదేండ్ల వాయిదాలు కట్టించుకొనెను. మన చట్టము అంకెను కోసినది, పాటను ఆపినది; మిగిలిన అసలును కట్టు దారి మాత్రము చూపలేదు. అందువలననే ఎద్దులు పోయినవి. చట్టము తరువాత పల్లెలలో షావుకార్లు చేతులు ముడుచుకొనుటయు నిజమే. నూరు రూపాయలు పుట్టుట గగనమాయెనని తాతగారే యనెడివారు. తగ్గింపునకు తోడు వాయిదాల బ్యాంకును ప్రతి తాలూకాలో నిలిపియున్నచో బాగుండెడిదని నా తలంపు.

ఇప్పటి సంగతి యొకటి చెప్పి ముగింతును. 2002లో వచ్చిన చట్టము ననుసరించి బ్యాంకులు కోర్టు డిక్రీ లేకయే తాకట్టు ఆస్తిని పట్టుకొనవచ్చును. సాగుభూమికి ఆ చట్టము వర్తింపదు. కాపురపు యింటికి వర్తించును. ముందుగా అరువది దినముల నోటీసు రావలెను. దానికి మనము వ్రాసిన ఆక్షేపణకు బ్యాంకు పదునైదు దినములలో జవాబు చెప్పవలెను. ఇంటిని స్వాధీనపరచుకొన్న పిమ్మట నలువదియైదు దినములలో ఋణవసూలు ట్రిబ్యునలునకు మొరపెట్టుకొనవచ్చును. అట్టి కాగితము పట్టుకొని మా వీధి అరుగుమీదికి వచ్చినవారికి నేను మొదట చదివి వినిపించునది అందలి తేదీని.